ఎవరి ఖాతాలో?

కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో మనవాళ్ళు కూడా పండించే గులాబీ ఎర్రగడ్డను ఇక్కడి వంటిళ్ళలో పెద్దగా వాడరు. అది మలేషియా, సింగపూరులకు పోయే సరుకు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపినప్పుడు ఇదీ ఆగింది. అక్టోబరులో 10,000 టన్నులకు సడలింపు దొరికింది, అదీ చెన్నై రేవు మీదుగానే. కుళ్ళిపోయే గడ్డ ఉత్తర్వు కోసం కాచుకుంటుందా?

పట్నంలో పేదవాడికి ఉల్లి అందాలి, కాదనను. కాని ఆ దయ ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తున్నాం? ధర పడిన ఏడు నష్టం రైతుది. ధర పెరిగిన ఏడు లాభం మాత్రం అందరిదీ! ఇలాంటి ఒప్పందం నా బల్ల మీదికి వస్తే సంతకం పెట్టను. విత్తనం, కూలి, మందులు, బాడుగ అన్నీ అప్పుతో ముందే అయిపోతాయి. వాయిదా తేదీని ఏ నిషేధమూ ఆపదు. ప్రభుత్వమే మార్కెట్టు ధరకు కొని చవకగా అమ్మవచ్చు. అప్పుడా బరువు పన్ను కట్టేవాళ్ళందరి మీదా పడుతుంది, నా జీతం మీద కూడా.