సంఘనాయకుని ప్రార్థన

ఇతరులచే ప్రార్థన చేయించుటయే వృత్తిగా గలవాడు తాను ప్రార్థించుట మానుకొనుట మిక్కిలి సులభము. వేదికపై పలికిన పలుకులే తన ప్రార్థనమని వానికి తోచును. వినువారును అట్లే తలంతురు. క్రైస్తవ సంఘమున ఈ యపాయమును గుర్తించి నిర్మొగమాటముగా వ్రాసినవారిలో ఫ్రాన్సు దేశమందలి క్లేర్వో మఠాధిపతియగు బెర్నార్డు ముఖ్యుడు.

1145వ సంవత్సరమున ఆయన శిష్యుడొకడు మూడవ యూజీనియస్ అను పేరుతో రోమునందు పోపు పదవి నందెను. మౌనమునకును ధ్యానమునకును అలవాటుపడిన యా సన్న్యాసికి ఉదయము మొదలు రాత్రివఱకు వ్యాజ్యములు వినుటయే పనియయ్యెను. గురువు సహింపలేక శిష్యునికై ఐదు భాగముల గ్రంథమొకటి లాటిను భాషలో వ్రాసెను. నీ మందిరమున దినదినము మారుమ్రోగునది జస్టీనియను చక్రవర్తి ధర్మశాస్త్రమే గాని ప్రభువు శాసనము కాదని యందు మందలించెను. (ఈ మాట న్యాయవాదినగు నాకును కొంచెము గుచ్చుకొన్నది.)

పని హెచ్చినచో ప్రార్థనకు కాలము తగ్గునన్నది అందఱు నెఱిగినదే. బెర్నార్డు భయము అది కాదు, హృదయము కఠినమగునని. మొదట భరింపరానిదైన భారము కొన్నాళ్లకు తేలికయగును, మఱికొన్నాళ్లకు తెలియనే తెలియదు, తుదకు ప్రియమగును. తన హృదయము కఠినమైనదేమో యని జంకువానికి ఇంకను ఆశ కలదు. జంకనివాని సంగతియే భయంకరము.

వాకిట విధవరాలు న్యాయమునకై నిలిచియుండగా లోపల తలుపు మూసికొని ధ్యానించుట ధర్మమా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. బెర్నార్డు విధవరాలిని పంపివేయుమనలేదు. ఆమె వ్యాజ్యమును, బీదవాని వ్యాజ్యమును, ఏమియు నిచ్చుకొనలేనివాని వ్యాజ్యమును నీవే వినుమనెను. తక్కినవానిలో కొన్ని యితరుల కప్పగింపుమనెను. కొన్ని విననే తగవనెను. కావున నాయకుడు విడువవలసినది సేవను కాదు, అన్నియు తన చేతిమీదుగానే జరుగవలెనను కోరికను. ఈ కోరిక సేవవేషమున వచ్చును గనుక దానిని పట్టుకొనుట కష్టము. దినమంతయు తీర్పులు చెప్పినవాడు ప్రార్థనయందు ముద్దాయివలె నిలువవలయును. పీఠము దిగి బోనెక్కుట యలవాటు లేనివాని ప్రార్థన, గది తలుపు మూసినను, ఉపన్యాసమే యగును.

ఇంత చెప్పిన బెర్నార్డును మఠమున నిలిచినవాడు కాడు. 1146లో రెండవ శిలువయుద్ధమునకు జనులను పురికొల్పుచు ఊరూర తిరిగెను, 1149నాటికది విఫలమయ్యెను. తన బ్రతుకు సన్న్యాసిదియు కాదు, గృహస్థునిదియు కాదని యొక లేఖలో మొఱపెట్టుకొనెను. శిష్యునికి వ్రాసినది తనకును వ్రాసికొన్నాడని నాకు తోచుచున్నది. 1153 జూలైలో శిష్యుడును ఆగస్టులో గురువును మరణించిరి. వ్యాజ్యములు మాత్రము రోమునకు వచ్చుచునే యుండెను.