తీసేసిన నూనె ఎవరిది?

శివాలయంలో ప్రదక్షిణం మిగతా గుళ్లలోలాగా చుట్టూ తిరిగి పూర్తవదు. ధ్వజస్తంభం దగ్గర బయలుదేరి, అభిషేక జలం బయటికొచ్చే సోమసూత్రం దాకా వెళ్లి, దాన్ని దాటకుండా వెనక్కి తిరుగుతాం. చండీ ప్రదక్షిణం అంటారు. స్వామి మీంచి జారిన నీళ్లు తొక్కకూడదని, శివ నిర్మాల్యం చండీశ్వరుడి సొత్తని పెద్దలు చెబుతారు. పాలకొల్లు పక్కన కాలువ గట్టు మీదున్న చిన్న శివాలయంలో మా నాన్నగారి తర్వాత నేను అర్చకత్వం చేస్తున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రాతి తూము మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది. గుడి కట్టినవాళ్లు నీళ్లు పోసే చోటు గురించి ఎంత ఆలోచించారో, పోసిన నీళ్లు వెళ్లే చోటు గురించీ అంతే ఆలోచించారు.

మోటార్ సైకిల్ ఆయిల్ మార్చుకునేటప్పుడు ఈ సంగతి నాకు మరీ గట్టిగా తడుతుంది.

పొద్దున్నే ఇక్కడ అభిషేకం ముగించుకుని పక్క ఊరి రామాలయంలో నైవేద్యం పెట్టాలి. బండి లేకపోతే రెండో గుళ్లో దేవుడికి వేళ తప్పుతుంది. అందుకని దాని పని నేనే చూసుకుంటాను. కాసేపు నడిపి, ఇంజిన్ వేడెక్కాక సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పుతాను. వేడి మీద నూనె పలచబడి, లోపలి మసిని కూడా వెంటబెట్టుకుని దిగుతుంది. వాషరు మార్చి, బోల్టు బిగించి, కొత్త 10డబ్ల్యూ30 పోసి, పుల్ల ముంచి మట్టం చూస్తాను. పని అంతే. లీటరు కూడా పట్టదు.

తేనె రంగులో పోసిన నూనె కాటుకలా దిగితే చాలామంది పాడైపోయిందంటారు. నిజానికి ఆ నూనెలో డిటర్జెంట్లు కలిపి ఉంటాయి. మసినీ సన్నని రజనునూ లోహానికి అంటుకోనివ్వకుండా నూనె తనలోనే తేలించి పట్టుకుంటుంది. నల్లబడిందంటే తన పని తాను చేసిందనే.

బ్రేకు ఆయిల్‌ది ఇంకో దారి. అది ఏ మసినీ మోయదు. గాలిలో తేమను పీల్చుకోవడం దాని స్వభావం. బండి మూల నిలబడి ఉన్నా సరే, రబ్బరు గొట్టంలోంచి కూడా తేమ కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. డాట్ 4 రకం కొత్తలో 230 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి నాలుగు పాళ్లలోపు నీరు చేరితే చాలు, ఆ హద్దు 155కి పడిపోతుంది. అప్పుడు బ్రేకు బాగా వేడెక్కితే లోపల బుడగలు లేచి లివరు మెత్తగా లోపలికి పోతుంది. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు.

ఈ రెండూ చూస్తే మైల గురించి మన ఆచారం చెప్పినది నాకు ఇంకాస్త తేటపడింది. పని చేసినందువల్ల అంటుకునే మైల ఒకటి. ఏమీ చేయకుండానే, పురుడు వల్లో చావు వల్లో ఇంటికి వచ్చేది ఇంకొకటి. రెంటిలోనూ తప్పు ఎవరిదీ కాదు. రెంటికీ గడువుంది. స్నానంతోనో, రోజులు గడిచో పోతుంది. ఈ రెండు మైలల్నీ శాస్త్రం వచ్చిపోయే స్థితిగానే చూసింది. దాన్ని తీసుకెళ్లి కొందరి పుట్టుకకీ, కొందరి చేతులకీ అంటగట్టింది మనం. వాహన పూజకి షోరూము నుంచి బండి తోలుకొచ్చిన మెకానిక్ కుర్రాడు ధ్వజస్తంభం దగ్గరే ఆగిపోతాడు. గోళ్లలో నలుపు ఉందని వాడికి బిడియం. నేను కేకేసి లోపలికి పిలుస్తాను, తీర్థం మొదట వాడికే ఇస్తాను. నా దృష్టిలో ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు, ధర్మం అదే.

ఒకసారి ఎదురింటి మామ్మగారు నా చేతులు చూసి, "పంతులుగారూ, రేప్పొద్దున స్వామిని ముట్టుకోవాలి కదండీ, మీకెందుకండీ ఈ మకిలి పని?" అన్నారు. "చేతులది సబ్బుతో పోతుందండీ మామ్మగారూ. ఆ బేసిన్‌లోది ఎక్కడికి పోవాలన్నదే నా బెంగ" అన్నాను.

బెంగ ఉత్తిది కాదు. మాది కాలువల సీమ. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ నీటితోనే మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. ఆ గట్టు మీదే పాత ఆయిల్ ఒంపేవాళ్లున్నారు. చెద పట్టకుండా కర్రలకు పూసేవాళ్లున్నారు. వాడేసిన నూనెలో లోహాల రజను, కాలిన ఇంధనపు విషాలు ఉంటాయి. నీటి మీద పొరలా పరుచుకుంటుంది. నా ఇంజిన్ శుభ్రపడి పదిమంది తాగే నీళ్లు చెడితే అక్కడ శుద్ధి జరిగినట్టా? మురికి చేతులు మారింది, అంతే. మడి కట్టుకున్న ఇంటి నీళ్లు పక్కింటి గుమ్మంలోకి పారితే ఆ మడికి అర్థం లేదు. శుచి అనేది తీసినదాని బాధ్యత మోసేదాకా పూర్తికాదని నేను నమ్ముతాను. సోమసూత్రం నాకు నేర్పింది అదే. అభిషేక జలం పవిత్రమైనదైనా దానికే అంత జాగ్రత్త ఉంటే, ఈ నూనెకి ఎంత ఉండాలి!

వాడేసిన నూనెను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో చేర్చారు. 2024 ఏప్రిల్ 1 నుంచి లూబ్రికెంట్లు తయారుచేసేవాళ్లకూ దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. సరిగ్గా శుద్ధి చేస్తే అది మళ్లీ నూనెకి మూలద్రవ్యమే అవుతుంది. నేనైతే దిగిన నూనెని కొత్తది వచ్చిన డబ్బాలోనే పోసి, మూత బిగించి, పాలకొల్లులో డ్రమ్ము పెట్టి నూనె సేకరించే సర్వీసు సెంటర్లో ఇచ్చి వస్తాను. బ్రేకు ఆయిల్ అందులో కలపను, వేరే సీసాలో పట్టుకెళ్తాను.

దసరాకి ఆయుధ పూజ చేయించుకోవడానికి బళ్లన్నీ కడిగి, పసుపు కుంకాలు పెట్టి, నిమ్మకాయలతో గుడికి తెస్తారు. ఆ వారంలోనే ఆయిల్ మార్పించుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది. వాళ్లందరికీ నాదొక్కటే మనవి. పాత నూనె గట్టు మీద పోయకండి. డబ్బాలో పోసి గుడి అరుగు మీద పెట్టండి, నా బండి మీద నేను తీసుకెళ్తాను.