పిలుపు అందేంత దూరం

న్యూయార్క్ నగరంలో మెట్రోపాలిటన్ ఒపేరా అనే పేరుగాంచిన నాటకశాల ఉంది. దాదాపు 3,800 మంది కూర్చునే శాల అది. ఒపేరా అంటే చాలావరకు మొదటినుంచి చివరిదాకా పాటగా నడిచే నాటకం. మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. 2006 డిసెంబరు 30న ఆ శాలలో మోజార్ట్ రచించిన 'మాయా వేణువు' నాటకం ఆడుతుండగా, ఆ క్షణంలోనే ఉపగ్రహం ద్వారా కొన్ని దేశాల సినిమాహాళ్లలో తెరమీద చూపించారు. ఆ ప్రయత్నం నిలబడింది. తరువాతి సంవత్సరాలలో డెబ్బై దేశాల వరకు విస్తరించింది. అక్కడ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు తెర లేస్తే యూరపులో సాయంత్రం అవుతుంది. మనకు రాత్రి పది దాటుతుంది.

ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. అదే శాల 1931 క్రిస్మస్ రోజున రేడియోలో నాటకం వినిపించింది. 1952లో 'కార్మెన్' నాటకాన్ని 31 సినిమాహాళ్లకు తీగల ద్వారా పంపింది. పేదవారికి, దూరపు ఊళ్లవారికి ఇది మేలే. ఖరీదైన టిక్కెట్టు కొనలేనివాడు సినిమా టిక్కెట్టుతో ఉత్తమ గాయకులను వినగలుగుతున్నాడు. దీన్ని తప్పుపట్టేవారు సాధారణంగా ముందు వరుసలో కూర్చునే స్తోమత ఉన్నవారే అని నాకు అనుమానం.

అయితే ఈ సినిమాహాళ్లలో ఒక విచిత్రం ఉంది. పాట ముగియగానే చాలాచోట్ల జనం చప్పట్లు కొడతారు. ఎవరికోసం? గాయని వేల మైళ్ల దూరంలో ఉంది. ఆమెకు ఆ చప్పుడు చేరదు. మన ఊళ్లలో అభిమాన హీరో తెరమీదికి రాగానే ఈలలు వేసేవారిని చూసి నవ్వుతాము గాని, ఆ ఈలలో ఉత్సాహం తప్ప వేరే ఉద్దేశం లేదు. ఒపేరా చూసేవాడి చప్పట్లలో మాత్రం కృతజ్ఞత ఉంది. ఇప్పుడే, ఈ క్షణంలోనే, ఒక మనిషి తనకోసం కష్టపడిందని అతనికి తెలుసు. కృతజ్ఞత అందవలసినవారికి అందకపోతే అది వ్యర్థమా? చూడటానికి చిన్న ప్రశ్న. కాని దీనికి జవాబు వెదకబోతే మన గుడి తలుపుల దాకా రావలసి ఉంటుంది.

2019 మార్చి 2న అదే శాలలో దొనిజెట్టి నాటకం ఒకటి ప్రసారమయింది. హావియర్ కమరేనా అనే మెక్సికో గాయకుడు అతికష్టమైన ఒక పాటను, తారస్థాయి స్వరాలు వరుసగా వచ్చే పాటను, పాడి ముగించాడు. శాలలో చప్పట్లు ఆగలేదు. చివరకు ఆయన ఆ పాటను మళ్లీ పాడాడు. సినిమాహాళ్లకు వెళ్లే ప్రసారంలో అలా జరగటం అదే మొదటిసారి. మనవారికి ఇది వింతగా ఉండదు. 'సత్యహరిశ్చంద్ర'లో కాటిసీను పద్యానికి 'వన్స్ మోర్' అని కేకవేసి, నటుడిచేత రెండోసారి, మూడోసారి పాడించుకున్న తాతలు మనకున్నారు. కాని ఇక్కడ గమనించవలసిన సంగతి వేరు. ఆ రోజు సినిమాహాలులో ఉన్నవాడు ఎంత గొంతు చించుకున్నా గాయకుడు మళ్లీ పాడేవాడు కాడు. లోపల ఉన్నవారు అడిగారు, బయట ఉన్నవారికి కూడా దొరికింది. అడిగినవారు వేరు, పొందినవారు వేరు. పునీతుల సంబంధాన్ని విశ్వసిస్తున్నామని ప్రతి ఆదివారం చెప్పే మనకు ఈ ఏర్పాటు కొత్తది కాదు.

అదే సంవత్సరం మే 11న ప్రసారమైన నాటకం మనకు మరింత దగ్గరిది. పేరు 'కార్మెల్ కన్యల సంభాషణలు'. ఫ్రాన్సిస్ పూలెంక్ సంగీతం, జార్జ్ బెర్నానోస్ మాటలు. 1957లో మిలాను నగరంలో మొదట ఆడారు. కథకు మూలం చరిత్రే. ఫ్రెంచి విప్లవ కాలంలో కొంపియేన్ కార్మెల్ మఠానికి చెందిన 16 మందిని 1794 జూలై 17న పారిస్‌లో గిలటిన్ కింద వధించారు. మరి పది రోజులు గడిచి ఉంటే ఆ భీకర పాలన నడిపిన రోబెస్పియరే కూలిపోయి ఉండేవాడు. 1906లో శ్రీసభ వారిని ధన్యులుగా ప్రకటించింది. 2024 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు వారిని పునీతుల వరుసలో చేర్చారు.

నాటకంలో ముఖ్యపాత్ర బ్లాంష్ మాత్రం కల్పితం. 1931లో జర్మన్ రచయిత్రి గెర్ట్రూడ్ ఫాన్ లె ఫోర్ట్ సృష్టించిన పాత్ర ఆమె. పుట్టుకతోనే భయస్తురాలు. నీడను చూసినా వణికే పిల్ల. లోకభయంతోనే మఠంలో చేరుతుంది. అక్కడ మఠపెద్ద, జీవితమంతా మరణాన్ని ధ్యానించిన వృద్ధమాత, తన అంత్య గడియలో భయంతో కేకలు పెడుతూ చనిపోతుంది. అంత భక్తురాలికి అటువంటి చావేమిటి అని మిగిలినవారు కలవరపడతారు. అప్పుడు కాన్‌స్టన్స్ అనే చిన్న కన్య ఒక ఆలోచన చెబుతుంది. బహుశా ఆ చావు ఆమెది కాదేమో, పొరపాటున వేరొకరి చావు ఆమెకు వచ్చిందేమో, ఆ వేరొకరు తమ గడియ వచ్చినప్పుడు ఎంత సులువుగా వెళ్లిపోతారో చూసి ఆశ్చర్యపోతారేమో అని.

చివరి రంగంలో కన్యలు మరియమాతను స్తుతించే 'సాల్వే రెజీనా' పాడుతూ ఒక్కొక్కరుగా వధ్యస్థానానికి వెళతారు. కత్తి పడిన చప్పుడు వినిపించిన ప్రతిసారీ పాటలో ఒక గొంతు తగ్గుతుంది. పాట పలచబడుతూ పోతుంది. చివరకు కాన్‌స్టన్స్ ఒక్కతే మిగులుతుంది. అంతకు ముందే మఠం విడిచి పారిపోయిన బ్లాంష్ ఆ సమయానికి చూడవచ్చిన గుంపులో ఉంది. ఆమెను ఎవరూ గుర్తించలేదు, ఎవరూ పట్టుకోలేదు. తనంతట తానే గుంపులోనుంచి బయటికి వచ్చి, ఏ భయమూ లేకుండా, పాట అందుకుని మెట్లెక్కుతుంది.

ఈ రంగాన్ని తెరమీద చూసేవాడికి ముఖాలు చక్కగా కనిపిస్తాయి. శాలలో వెనుక వరుసవాడికి కనిపించని కన్నీటిచుక్క కూడా కనిపిస్తుంది. గొంతు మాత్రం మైకు గుండా వస్తుంది. ఒపేరా గాయకులు మైకు లేకుండా పాడి అంత పెద్ద శాలను నింపుతారు, ఆ కళ ప్రత్యేకతే అది. సినిమాహాలులో సరిగ్గా అదే దొరకదు. కాని అసలు తేడా ముఖంలోనూ లేదు, గొంతులోనూ లేదు. బ్లాంష్ చూడటానికి వచ్చినది. అయినా ఆమె నిలబడిన చోటునుంచి మెట్ల దాకా నడవగలదు. గుంపులో నిలబడటమంటే పిలుపు అందేంత దూరంలో ఉండటం. పిలుపు విని వెళ్లనివారు ఆ గుంపులో వందలమంది ఉండవచ్చు. అయినా అక్కడ ఉన్నవాడిని పిలవటానికి వీలుంది. తెరముందు ఉన్నవాడిని పిలవటానికి వీలులేదు.

మనం టెలివిజన్‌లో చూసే పూజ విషయానికి వద్దాము. శ్రీసభ ఈ సాధనాలకు ఎన్నడూ శత్రువు కాదు. 1931లో మార్కోని స్వయంగా వాటికన్ రేడియోను నిర్మించి ఇచ్చాడు. 1958లో 12వ భక్తినాథ పోపుగారు, అంటే పయస్ పోపుగారు, అస్సీసీపుర పునీత క్లారమ్మను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. క్రిస్మస్ రాత్రి తోటి కన్యలు ప్రార్థనకు వెళ్లిపోగా, జబ్బుతో మంచం మీదనుంచి లేవలేని ఆమెకు దూరపు దేవాలయంలో జరిగే ఆరాధన ఉన్నచోటనే వినిపించి, కనిపించిందని సంప్రదాయం. ఆమె లేవగలిగి ఉంటే వెళ్లేది. ఆ మాట మనం తరచు మరచిపోతాము.

1985లో రోమాపురి ఇచ్చిన ఒక అనుమతి కూడా గుర్తుంచుకోదగినది. పోపుగారు నగరానికీ లోకానికీ ఇచ్చే దీవెనను రేడియోలోగాని టెలివిజన్‌లోగాని భక్తితో అందుకునేవారికి కూడా పాపశిక్షనుంచి పరిపూర్ణ పరిహారం లభిస్తుంది. కాని ఆ కార్యం జరుగుతున్న సమయంలోనే దానిని అనుసరించాలి. మరునాడు రికార్డింగు పెట్టుకుని చూస్తే ఆ నియమం వర్తించదు. బొమ్మ ఒకటే, మాట ఒకటే, అయినా తేడా ఉంది. దీవించేవాడు దీవిస్తున్నప్పుడు మనం మనసుతో అతని ఎదుట ఉండగలము. నిన్న ముగిసిన కార్యం ఎదుట ఈ రోజు ఉండలేము. సినిమాహాలులో చప్పట్లు కొట్టేవాడు అంత పిచ్చివాడు కాడని నేను అనటానికి కారణం ఇదే. అతను చేరలేని చోటికి చేయి చాపుతున్నాడు, అంతే.

దీవెన దూరంనుంచి అందుతుంది. భోజనం అందదు. 2020లో కరోనా వలన గుళ్లు మూతపడినప్పుడు మనమంతా ఫోనులో పూజ చూశాము. ఆ సంవత్సరం ఏప్రిల్ 17న ఫ్రాన్సిస్ పోపుగారు తన ఉదయపు పూజలో, ఇది సొరంగంలోనుంచి బయటపడటానికే గాని సొరంగంలో ఉండిపోవటానికి కాదని హెచ్చరించారు. గుళ్లు తెరిచి ఏళ్లు గడిచినా, ఆదివారం తీరికగా మంచంమీద కూర్చుని పూజ 'చూసే' ఆరోగ్యవంతులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నారు. ప్రసంగం అక్కడే బాగుంటుందని వారి వాదన. బాగుండవచ్చు! కాని ఆ తెరమీది గురువు వారిని పేరుపెట్టి పిలవడు. పక్కనున్న ముసలమ్మ 'కాస్త జరుగమ్మా' అనదు. కానుకలు మోసుకురమ్మని ఉపదేశి చెప్పడు. మంచాన పడినవారి సంగతి వేరు. వారి ఇంటికి గురువే దివ్యసత్ప్రసాదం తీసుకువెళతారు.

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న మన సమాధుల దొడ్లలో ఎదురవుతున్నది. కొడుకు అమెరికాలోనో, కూతురు కువైటులోనో ఉంటుంది. తల్లి చనిపోతుంది. వీసా చిక్కో, యజమాని సెలవు ఇవ్వకపోవటమో, రావటానికి వీలుపడదు. ఎవరో ఒకరు ఫోను ఎత్తి పట్టుకుంటే అక్కడినుంచి చూస్తారు. దీన్ని చూసి పెద్దలు కొందరు, ఇదేమి చోద్యం, సినిమానా అని విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. రాగలిగి రానివాడికి ఆ ఫోను ఒక సాకు. రాలేనివాడికి అది క్లారమ్మ గోడ వంటిది. ఇద్దరూ చూసేది ఒకే బొమ్మ. ఎవరు ఏ రకమో బయటివారు తేల్చలేరు.

ఫోను పట్టుకున్న కుర్రవాడిని గమనించండి. చిన్నాన్న కొడుకో, మేనల్లుడో అయి ఉంటాడు. అతను కుడిచేతితో ఫోను పట్టుకుని, ఎడమచేతితో పిడికెడు మట్టి తీసి, 'అన్నా, ఇది నీ తరఫున' అని గుంటలో వేస్తాడు. తరువాత ఇంకొక పిడికెడు తన వంతుగా వేస్తాడు. అవతల ఉన్నవాడు ఏమీ చేయలేడు. నెల తిరిగాక ఆత్మశాంతికి పూజ ఉంటుంది. ఆలోగా ముప్పై రాత్రులు ఇంట్లో తండ్రి ఒక్కడే అన్నం తింటాడు. ఆయనకు ఆ నంబరు తెలుసు. ఆయన పిలిచినప్పుడు అవతలివాడు ఎత్తుతాడా, ఆయన పిలవకముందే తానే పిలుస్తాడా అన్నది ఆ నెలలో తెలుస్తుంది.