ఇందులో మనుషులెవరూ లేరు

బాబాయి పోయిన నాలుగో నెలలో పిన్ని ఫోన్ చేసింది. "రాత్రిళ్ళు నిద్ర పట్టటంలేదు నాన్నా. టీవీ పెడితే తల దిమ్మెక్కుతోంది. చదువుకోటానికి ఏదన్నా ఉంటే ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా" అంది.

పిన్ని చదివింది ఎనిమిదో తరగతే. కానీ వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, దారంతో కుట్టి, ట్రంకుపెట్టెలో దాచుకున్న తరం ఆమెది. దుఃఖంలో ఉన్న మనిషి కదా, ఊరట దొరుకుతుందని నేనొక వేదాంత గ్రంథం ఏరి తీసుకెళ్ళాను. పదిరోజుల తర్వాత వెళ్తే, దానికి శుభ్రంగా పేపర్ అట్ట వేసి మరీ తిరిగి నా చేతిలో పెట్టింది.

"మంచి పుస్తకమేరా. కానీ ఇందులో మనుషులెవరూ లేరు."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఎవరన్నా పుస్తకం అడిగితే మనం వాళ్ళ ఆకలి చూడం, మన అలమర చూసుకుంటాం. సినిమావాళ్ళ కథలు, ఆటగాళ్ళ కథలు అంటే మనకి ఉత్త కాలక్షేపం. ఆ కాలక్షేపం అన్న మాట మాత్రం ఎప్పుడు చిన్నదైపోయింది? హరికథకి ఆ పేరే ఉండేది. పురాణం చెప్పించుకోవడాన్నీ అలాగే అనేవాళ్ళు. కాలం గడవని మనిషి పక్కన కూర్చుని దాన్ని గడిపించడం చిన్న పని కాదు. రాత్రి రెండు గంటలకి, పక్క మంచం ఖాళీగా ఉన్న ఇంట్లో, అది ఎంత పెద్ద పనో పిన్నిని చూశాక నాకు తెలిసింది.

రెండోసారి ముళ్ళపూడి వెంకటరమణ గారి 'కోతికొమ్మచ్చి' తీసుకెళ్ళాను. స్వాతి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైన ఆత్మకథ. పుట్టాను, చదివాను, ఎదిగాను అని మెట్లు ఎక్కినట్టు చెప్పరు ఆయన. పేరులోనే ఉంది ఆ పద్ధతి: కొమ్మ మీంచి కొమ్మకి గెంతుడు. చిన్నతనంలో తండ్రిని పోగొట్టుకోవడం, తల్లి వెంట మద్రాసు చేరడం, దరిద్రం, పత్రికాఫీసు, బాపు గారితో స్నేహం, సినిమాలు, అప్పులు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ వస్తాయి. మొదట్లో నాకిది కేవలం చమత్కారం అనిపించేది. పిన్ని దగ్గర బాబాయి కబుర్లు విన్నాక అభిప్రాయం మారింది. ఆమె ఆయన గురించి ఎప్పుడూ వరసలో చెప్పదు. ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టి పెళ్ళిచూపులకి వెళ్తుంది, అక్కణ్ణించి గేదె తప్పిపోయిన రోజుకి గెంతుతుంది. జ్ఞాపకానికి తేదీలు పట్టవు. మనిషి బతుకు మనిషికి గుర్తుండేది అట్లాగే. రమణ గారు దాన్ని సరిచేసి రాయలేదు, ఉన్నది ఉన్నట్టు ఉంచారు. ఆకలిని గురించి నవ్విస్తూ చెప్పి, నవ్వు ఆగకముందే గొంతులో ఏదో అడ్డుపడేట్టు చేయగలవాళ్ళు మనకి ఎక్కువమంది లేరు.

ఆ తర్వాత భానుమతి గారి 'నాలో నేను'. పిన్నికి ఆవిడంటే చిన్నప్పట్నుంచీ భయం కలిసిన ఇష్టం. 1939లో 'వరవిక్రయం'తో తెరమీదికి వచ్చిన పిల్ల. కూతుర్ని ఏ నటుడూ తాకకూడదని షరతు పెట్టిన తండ్రి. సహాయ దర్శకుడిగా ఉన్న రామకృష్ణారావు గారిని పట్టుబట్టి పెళ్ళాడడం, కొడుకు పేరుతో భరణీ స్టూడియో, 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తానే తియ్యడం. "ఆవిడ తెరమీద ఎట్లా చూస్తుందో రాతలోనూ అట్లాగే చూస్తోందిరా" అంది పిన్ని. సమీక్షకులు నాలుగు పేజీలు రాసినా ఇంతకంటే బాగా చెప్పలేరు.

'మిస్సమ్మ' గొడవ మీద మేమిద్దరం ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. ఆ వేషం ముందు భానుమతి గారిదే, కొంత షూటింగు కూడా అయింది. నిర్మాత చక్రపాణి గారితో పట్టింపు వచ్చి ఆవిడ తప్పుకున్నారు. రెండో వేషానికి అనుకున్న సావిత్రి ముందుకొచ్చింది, ఆ రెండో వేషం జమునకి వెళ్ళింది. 1955లో సినిమా వచ్చాక సావిత్రి జీవితమే వేరే దారి పట్టింది. ఒకరి పంతం ఇంకొకరి నుదుటి రాత అయింది. నా జీవితం అని మనం ఎంత ధీమాగా అంటాం! అందులో మనం కోసుకున్న పంట ఎంత, పక్కవాళ్ళ గట్టు తెగి మన చేలోకి వచ్చిన నీళ్ళెన్ని?

పిన్ని మనవడికి క్రికెట్ పిచ్చి. వాడు సెలవులకి వచ్చినప్పుడు పుస్తకాలు ఆటల వైపు మళ్ళాయి. ఆటగాళ్ళ ఆత్మకథలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అందుకని రాత్రి భోజనాలయ్యాక వసారాలో నేను కథ చెప్పడం, వాళ్ళిద్దరూ వినడం. లక్ష్మణ్ '281 అండ్ బియాండ్' వాడికి ముందే కంఠతా వచ్చు. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లైన ఇంట్లో వైద్యమా, క్రికెట్టా అని తేల్చుకోవలసిన కుర్రాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో, 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతూ, ద్రావిడ్‌తో కలిసి నాలుగో రోజంతా వికెట్ పడనివ్వలేదు. ఆ కథ తెలియని తెలుగువాడు ఉండడు కాబట్టి అక్కడ నేను ఎక్కువసేపు ఆగలేదు.

ఆగింది గవాస్కర్ దగ్గర. 1976లో వచ్చిన 'సన్నీ డేస్' మొదట్లోనే ఒక ముచ్చట ఉంది. 1949 జూలైలో బొంబాయి ఆసుపత్రిలో ఆయన పుట్టినప్పుడు, చూడ్డానికొచ్చిన బంధువొకాయన బిడ్డ ఎడమ చెవి దగ్గర చిన్న రంధ్రం ఉండడం గమనించాడు. మర్నాడు వచ్చి ఎత్తుకుంటే ఆ రంధ్రం లేదు. ఆసుపత్రంతా వెతికారు. అసలు బిడ్డ ఒక జాలరి ఇల్లాలి పక్కన హాయిగా నిద్రపోతూ కనిపించాడు. నీళ్ళు పోసేటప్పుడు మారిపోయి ఉంటారు. ఆ పెద్దాయన కన్ను అంత చురుకైంది కాకపోతే తాను అనామకంగా చేపలు పట్టుకుంటూ ఉండేవాణ్ణని గవాస్కరే రాశాడు. 1971లో వెస్టిండీస్ మీద నాలుగు టెస్టుల్లో కొట్టిన ఆ 774 పరుగులన్నీ ఒక చెవి రంధ్రం మీద వేలాడాయన్నమాట. మనవడు పగలబడి నవ్వాడు. ఇది ఎప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు.

పిన్ని నవ్వలేదు. "మరి ఆ జాలరి తల్లి కొడుకు ఏమయ్యాడురా?" అంది.

ఇరవై ఏళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. నేనెన్నడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఒక్కరోజు గవాస్కర్ల పిల్లాడిగా పడుకున్న ఆ బిడ్డ తన తల్లి దగ్గరికి చేరాడు. ఆ తర్వాత అతని కథ ఎవరూ రాయలేదు. చెవి దగ్గర గుర్తు ఉన్నవాడికి పుస్తకం వచ్చింది, లేనివాడు ఆ పుస్తకంలో ఒక వాక్యమైనా కాలేదు. ఇది గవాస్కర్ తప్పు కాదు. ఆయన రాయబట్టే ఆ తల్లి మనదాకా వచ్చింది. కానీ జీవితచరిత్ర చదివేవాళ్ళకి ఒక పని మిగిలే ఉందని ఆ రాత్రి నాకు తెలిసింది. కథానాయకుడి పక్క మంచం మీద ఎవరున్నారో చూడటం ఆ పని.

అప్పట్నుంచీ నేను ఈ రకం పుస్తకాలు ఎంచుకునే పద్ధతి మారింది. షాపులో నిలబడి మధ్యలో ఏదో ఒక పేజీ తెరుస్తాను. టోర్నమెంట్లు, సన్మానాలు, కృతజ్ఞతలు వరుసకట్టి ఉంటే పెట్టేస్తాను. ఎంత పెద్ద పేరున్నవాళ్ళదైనా సరే, స్కోరుబోర్డుకి అట్ట వేస్తే జీవితం కాదు. పేరు లేని మనుషులు ఆ పేజీలో తిరుగుతుంటే కొంటాను. ఒక అక్క, ఒక మాస్టారు, అప్పిచ్చిన షాపతను ఉంటే చాలు. మిల్ఖా సింగ్ 'ద రేస్ ఆఫ్ మై లైఫ్' అట్లాంటిది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెకనులో పదో వంతు తేడాతో పతకం పోయిందని అందరికీ తెలుసు. దేశ విభజనలో కన్నవాళ్ళని పోగొట్టుకుని ఢిల్లీ చేరిన ఆ కుర్రాడు టికెట్ లేకుండా రైలెక్కి జైల్లో పడితే, నగ అమ్మి విడిపించిన అక్క గురించి ఎంతమందికి తెలుసు? నాకు ఆ పతకం కంటే ఆ అక్క నగే ఎక్కువ గుర్తుంటుంది.

వీటన్నిటిలోకి నాకు ఇష్టమైనది మన దేశానిది కాదు. టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ 2009లో రాసిన 'ఓపెన్'. టెన్నిస్ అంటే తనకి పరమ అసహ్యమని మొదట్లోనే చెబుతాడు. ఇరాన్ తరఫున ఒలింపిక్స్‌లో బాక్సింగ్ చేసి అమెరికా వచ్చిన తండ్రి, లాస్ వేగాస్ ఇంటి పెరట్లో బంతులు విసిరే యంత్రం ఒకటి తయారు చేసి, ఏడేళ్ళ పిల్లాణ్ణి దాని ముందు నిలబెట్టాడు. పిల్లాడు దానికి డ్రాగన్ అని పేరు పెట్టుకున్నాడు. రోజుకి రెండువేల ఐదొందల బంతులు. ర్యాంకు అడగని రోజు ఉండని ఇళ్ళల్లో పెరిగిన మన పిల్లలకి ఆ డ్రాగన్ ఎవరో చెప్పనక్కర్లేదు. నేను ఆ అధ్యాయం చెబుతుంటే మనవడు కిక్కురుమనలేదు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం.

నవ్వుకోవడానికీ అందులో బోలెడు ఉంది. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ముందు రాత్రి అగస్సీ విగ్గు ఊడింది. అన్నదమ్ములిద్దరూ కూర్చుని పిన్నులు గుచ్చి అతికించారు. మర్నాడు కోర్టులో దేవుణ్ణి వేడుకున్నది గెలుపు కోసం కాదు, విగ్గు జారకుండా ఉండటం కోసం. "సవరం పెట్టుకున్న ఆడదానికి తెలుస్తుందిరా ఆ బాధ" అంటూ బాబాయి పోయాక మొదటిసారి పిన్ని కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వింది. జగమెరిగిన ఆటగాడు, తెనాలి దగ్గర పల్లెలో ఒక ముసలమ్మ, ఇద్దరికీ ఒకటే భయం. ఊరకే చెవులు కొరుక్కుంటే ఎదుటివాడు చిన్నవాడవుతాడు. మనిషి తన సిగ్గుని తానే చెప్పుకున్నప్పుడు మాత్రం వింటున్నవాడి సిగ్గు కూడా కొంచెం తగ్గుతుంది.

ఆ పుస్తకాన్ని అగస్సీ మాటల్లోంచి పేజీల మీదికి తెచ్చింది మోరింజర్ అనే పత్రికా రచయిత. పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. అట్ట మీద తన పేరు వద్దన్నాడు. ఆ సంగతి చెబితే పిన్ని కాసేపు ఊరుకుని, "మీ బాబాయీ అంతే, శిలాఫలకం మీద పేరు వెయ్యద్దన్నాడు" అంది. ఏ శిలాఫలకమో, ఎందుకు వద్దన్నాడో అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి అగస్సీ కథ అక్కడే ఆగిపోయి బాబాయి కథ మొదలైంది.

మీ ఇంట్లోనూ నిద్రపట్టని పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళు పుస్తకం అడిగితే, 'కోతికొమ్మచ్చి'తో మొదలుపెట్టండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయంటే మీరే పక్కన కూర్చుని చదవండి. మధ్యలో వాళ్ళు ఏదన్నా అడిగితే పుస్తకం మూసి వినండి.