అడిగేవాడు, చెప్పేవాడు

పుస్తకానికి కులం లేదని సభల్లో చెప్తుంటారు. అది సగమే నిజం. పుస్తకం కులం అడగదు, అంతవరకు ఒప్పుకుంటాను. కాని ఆ పుస్తకం మన పేటకి వచ్చే దారి పొడుగునా అడిగేవాళ్లు నిలబడే ఉన్నారు. డబ్బుందా అని ఒకడు, ఇంగ్లీషొచ్చా అని ఒకడు, ఇంట్లో కంప్యూటరుందా అని ఇంకొకడు. మూడిటికీ లేదని చెప్పేవాడి కులం వేరే అడగాలా?

వెబ్ పేజీలు తయారుచెయ్యడం నేను బీయస్సీ రోజుల్లో ఒక సెకండ్‌హ్యాండ్ పుస్తకం చూసి నేర్చుకున్నాను. హెచ్‌టీఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్, పాఠం వెనక పాఠం. నాకు ముందు దాన్ని కొన్నవాడు మూడో పాఠం దాకా గీతలు గీసి ఆపేశాడు. నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టాలి. అందుకని ఇంటి దగ్గర నోటుబుక్కులో మొత్తం రాసుకుని, బ్రాకెట్లు, సెమికోలన్లు సరిచూసుకుని అప్పుడు వెళ్లి టైపు చేసేవాణ్ణి. గంట ఖరీదు తెలిసినోడి చదువు అలాగే ఉంటాది.

మొదటి పాఠాల్లో పేజీ అంటే గోడమీద రాత. చదవడమే తప్ప మాటామంతీ లేదు. తర్వాత వచ్చింది పలికే పేజీ. ప్రాంప్ట్ అని రాస్తే చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని నీ పేరేమిటని అడుగుతుంది. నువ్వు టైపు చేస్తే అలర్ట్ నీ పేరు పెట్టి నమస్కారం చెప్తుంది. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995లో జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని పదిరోజుల్లో తయారుచేశాడంటారు. దాని తెలివి సంగతి అటుంచండి. నన్ను పట్టుకున్నది వేరే. అక్కడ ప్రశ్న రాసినవాణ్ణి నేను!

మా అయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. దిమ్మలు మొయ్యడం ఆయన పని. గుమస్తా అడుగుతాడు, "ఎవుల్రా? ఏ పేట? ఎన్ని మోసినావు?" అయ్య చెప్తాడు. గుమస్తా చిట్టాలో రాస్తాడు. అయ్య వేలిముద్ర వేస్తాడు. తను చెప్పిందే అందులో రాశాడో లేదో ఆయనకు తెలీదు. తిరిగి అడగడం ఆ కాటా దగ్గర లేని అలవాటు. మా తాతా ముత్తాతలదీ అదే బతుకు. ఊరు అడగడం, పేట చెప్పడం.

ఈ సంగతి చెప్తే నాతో పనిచేసే మేస్టారొకాయన, "నువ్వు ఏకలవ్యుడివయ్యా, గురువు లేకుండా నేర్చుకున్నావు" అన్నారు. ప్రేమగానే అన్నారు. కాని ఆ మెప్పుదల నాకొద్దు. ఆ కథలో చదువు చెప్పనివాడు ఫీజు వసూలు చేస్తాడు. అదీ వేలు! నేర్చుకున్నవాడి గొప్ప చెప్తూ నేర్పనివాడి తప్పు కప్పెట్టే కథ అది. అయినా నేనెక్కడ ఒంటరిగా నేర్చుకున్నాను? హాస్టలు అన్నం తిన్నాను. స్కాలర్‌షిప్పు డబ్బుల్తో పుస్తకం కొన్నాను. రిజర్వేషను సీట్లో కూర్చున్నాను. వాటి వెనక ఎందరి కొట్లాట ఉందో తెలిసినవాడు 'స్వయంకృషి' అన్న మాట నోట పలకలేడు.

ఇంకో సంగతి. జెనీవా దగ్గరున్న సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ఆలోచన కాగితం మీద పెట్టాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరుని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఏ పేజీనైనా తెరిచి, అది ఎలా కట్టారో లోపలి రాత చూడొచ్చు. గౌతమ ధర్మసూత్రం ఏం చెప్పింది? శూద్రుడు వేదం వింటే చెవిలో సీసం, లక్క కరిగించి పొయ్యమంది. శూద్రుడి గతే అదైతే వాడి కింద ఉన్న మన గతి చెప్పాలా? ఒక చదువేమో రా, చూడు అంటోంది. ఒక చదువు వింటేనే చంపేస్తానంది. ఈ తేడా చూసి నేను పొంగిపోయిన మాట నిజం. అయితే రమ్మన్న ఆ చదువులోనూ ఇఫ్, ఎల్స్, ఫంక్షన్ అని ఇంగ్లీషు మాటలే. అంబేద్కర్‌కి బడిలో సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయన సంస్కృతం తానే నేర్చుకుని, ఆ శాస్త్రాల్నే ఎదురు నిలబెట్టి ప్రశ్నలు అడిగాడు. మనకు భాష అందుకు కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. మా బడి పిల్లలు స్కాలర్‌షిప్పు దరఖాస్తుకి నెట్ సెంటరుకి వెళ్తారు. అక్కడి కుర్రాడు పదిమందిలో గట్టిగా, "కులమేటమ్మా?" అంటాడు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తి దరఖాస్తు పెట్టకుండానే తిరిగొచ్చేసింది. "నెమ్మదిగా అడిగితే చెప్దును మేస్టారూ" అంది. అందుకని బడి కంప్యూటర్లో ఒక పేజీ చేశాను. పిల్లలే కూర్చుని తమ వివరాలు నింపుకుని, కాగితం మీద ప్రింటు తీసుకుని పట్టుకెళ్లొచ్చు. ఎవరూ అడగరు, ఎవరూ వినరు.

ఆ పేజీలో కులం గడి చూసి మేస్టారుగారు, "అది తీసెయ్యవయ్యా, బడిలో అందరూ సమానమే కదా" అన్నారు. ఆయన ఇంటిపేరు వింటేనే కులం తెలిసిపోతుంది, ఆయనకి గడితో పనిలేదు. అడక్కపోవడం సమానత్వమా? అన్ని కులాల్నీ లెక్కపెట్టిన చివరి జనాభా లెక్క 1931ది. తర్వాతి లెక్కలో మళ్లీ కులం అడగాలని కేంద్రం నిర్ణయించింది 2025 ఏప్రిల్ 30న. మధ్యలో తొంభై ఏళ్లకు పైగా అడగలేదు. కులం పోయిందా? సముద్రం దాటి మనవాళ్లు పట్టుకెళ్తే, సియాటిల్ నగరం 2023లో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సి వచ్చింది. కంప్యూటర్ల ఊరే అది!

మరి గుమస్తా అడిగిందీ, ఈ గడి అడిగిందీ ఒకటేనా? ఫారం రాసేటప్పుడు యాక్షన్ అని ఒకటి రాయాలి, నింపిన జవాబు ఎక్కడికి పోవాలో చెప్పేది అదే. నాకు పుస్తకంలో ఇంతకంటే పెద్ద పాఠం దొరకలేదు. అడిగిన ప్రశ్నని చూస్తే సరిపోదు. జవాబు ఎక్కడికి పోతుందో చూడాలి. అయ్య చెప్పింది చిట్టాలోకి పోయింది, చిట్టా షావుకారి పెట్టెలోకి పోయింది. ఈ పిల్ల చెప్పింది తన హక్కు దగ్గరికి పోవాలి. అందుకే గడి ఉంచాను.

ఎస్సీ అని నొక్కితే కింద ఇంకో గడి తెరుచుకుంటుంది: మాల, మాదిగ, రెల్లి, ఇలా. ఉపవర్గీకరణ చెయ్యొచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్రం ఎస్సీలని మూడు గ్రూపులు చేసి రెల్లివాళ్లని మొదటి గ్రూపులో పెట్టింది. ఈ రెండో గడి చూసి మా పేట పెద్దమనిషి, నాకు వరసకి చిన్నాన్న, "ఎస్సీ అంటే సాలదేటి? మనలో మనకి ఈ ఇడదీతేటిరా?" అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది కదూ! మాలపేటలోకి వచ్చేసరికి మేస్టారుగారి సమానత్వం మా చిన్నాన్న నోట పలికింది. "చిన్నాన్నా, మన పేటలో నాలాంటి మేస్టర్లు నలుగురున్నారు. రెల్లివీధిలో ఒక్కడు లేడేటి?" అన్నాను. ఆయన రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మా ఊరి పక్కనే శంకరం, బొజ్జన్నకొండ. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. సునీతుడనే పాకీపనివాణ్ణి బుద్ధుడు సంఘంలో కలుపుకున్నాడని థేరగాథ చెప్తుంది. అతని పని దాచిపెట్టి కలుపుకోలేదు. అతని నోటితోనే ఆ పని చెప్పించింది ఆ పుస్తకం.

ఇప్పుడు శనివారాలు బడయ్యాక కొందరికి ఈ పాఠాలు చెప్తున్నాను. పలికే పేజీ దగ్గరికి వచ్చాం. మీకు నచ్చిన ప్రశ్న మీరే రాయండన్నాను. చాలామంది ఏ హీరో ఇష్టమని రాశారు. రెల్లివీధి కుర్రాడు మాత్రం, "మీ వీధి కాలవ తీసే మనిషి పేరు మీకు తెలుసా?" అని రాశాడు. కింద తెలుసు, తెలీదు అని రెండే గడులు. రిక్వైర్డ్ అని కూడా పెట్టాడు, జవాబు చెప్పకపోతే పేజీ ముందుకు పోదు. దాన్ని మొదట స్టాఫ్‌రూములో చూపిస్తానంటున్నాడు.