అమ్మేసిన ఎద్దుకి ఉలవలు

బార్సిలోనాలో రేసు మొదలయ్యే సమయానికి ప్రొద్దుటూరులో పెళ్ళి భోజనాలు అయిపోయి షామియానా విప్పుతున్నారు. 2024 నవంబర్ 17, ఆదివారం. ముగ్గురం మేడ మీదికి చేరి ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టాం. ఒకడు ప్రొద్దుటూరు వాడే, వాళ్ళ నాన్నతో కలిసి బంగారం అంగడి చూసుకుంటాడు. ఇంకొకడిది పులివెందుల దగ్గర పల్లె. చీనీ తోట ఉంది, ఇంట్లో బండలాగుడు పోటీలకి కట్టే ఎద్దులున్నాయి. నాది జమ్మలమడుగు, ఉద్యోగం బెంగళూరు. ఇంజనీరింగ్ రోజుల నుంచి మమ్మల్ని కలిపి ఉంచినవి రెండే: మోటోజీపీ, ఒకరి మాట ఒకరు ఒప్పుకోకపోవడం.

ఆ రోజు తేలాల్సింది ఆ ఏటి ఛాంపియన్ ఎవరన్నది. నిజానికి చివరి రేసు వాలెన్సియాలో జరగాలి. అక్టోబర్ చివర్లో అక్కడ వచ్చిన వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. రేసుని బార్సిలోనాకి మార్చారు. అక్కడికి వచ్చేసరికి హోర్హే మార్టిన్ 24 పాయింట్లు ముందున్నాడు. ఫ్రాన్చెస్కో బన్యాయా శనివారం స్ప్రింట్ గెలిచాడు, ఆదివారం రేసూ గెలిచాడు. మార్టిన్ రెండిట్లోనూ మూడో స్థానంలో వచ్చాడు. అది సరిపోయింది. మార్టిన్ 508, బన్యాయా 498.

మామూలుగా అభిమానుల మధ్య ఈ సీజన్ గురించి గొడవంతా ఒక లెక్క మీద జరుగుతుంది. ఇరవై ఆదివారాల్లో బన్యాయా 11 గెలిచాడు, మార్టిన్ 3 గెలిచాడు. మూడు గెలిచినవాడు ఛాంపియన్ ఎట్లయినాడు? మా దగ్గర మాత్రం ఈ గొడవ ఎక్కువసేపు సాగలేదు. బండలాగుడు చూసి పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఏ జత ఎంత వేగంగా దూకిందని అక్కడ ఎవరూ అడగరు. ఇచ్చిన సమయంలో బండ మొత్తం ఎన్ని అడుగులు కదిలిందన్నదే లెక్క. బన్యాయాకి ఆ ఏడు స్ప్రింట్లూ రేసులూ కలిపి ఎనిమిదిసార్లు సున్నా వచ్చింది. కొన్ని తన తప్పు, కొన్ని కాదు. బండ ఆగిన చోట అడుగులు రావు. నేను రోసీ అభిమానిని, బన్యాయా రోసీ శిష్యుడు కాబట్టి అతను గెలవాలనే కోరుకున్నాను. అయినా ఈ లెక్కని కాదనలేను.

అసలు గొడవ పులివెందుల వాడు మొదలుపెట్టాడు. వాడూ బన్యాయా మనిషే.

"ఓడిపోయిందానికి నాకేం బాధ లేదుబ్బా. డుకాటీ వాళ్ళు ఇంత ఎర్రోళ్ళేంది? అమ్మేసిన ఎద్దుకి ఎవడన్నా ఉలవలు పెడ్తాడా?"

మోటోజీపీ చూడనివాళ్ళ కోసం ఆ మాట వెనక కథ కొంచెం చెప్పాలి. మార్టిన్, బన్యాయా ఇద్దరూ నడిపింది ఆ ఏటి డుకాటీ బైకే. కాకపోతే బన్యాయా కంపెనీ సొంత జట్టులో ఉన్నాడు, మార్టిన్ ప్రామాక్ అనే అనుబంధ జట్టులో ఉన్నాడు. మార్టిన్‌కి కావాల్సింది ఆ సొంత జట్టులో చోటు. 2022లో అడిగితే బాస్టియానీనికి ఇచ్చారు. 2024 జూన్‌లో మళ్ళీ చోటు ఖాళీ అయింది. అప్పటికి మార్టిన్ పాయింట్లలో అందరికంటే ముందున్నాడు. ఈసారి మార్క్ మార్కెజ్‌కి ఇచ్చారు. రెండుసార్లు కాదనిపించుకున్న మనిషి వచ్చే ఏటికి అప్రిలియాతో సంతకం పెట్టేశాడు. ఆ నెలలోనే ప్రామాక్ జట్టు కూడా వచ్చే ఏటి నుంచి యమహాతో వెళ్తున్నట్టు తేలిపోయింది.

అంటే సీజన్ ఇంకా సగం కూడా కాకముందే, ఛాంపియన్‌షిప్‌లో ముందున్న రైడరూ పోయేవాడే, అతని జట్టూ పోయేదే. అతను గెలిస్తే 1 నంబర్ వేసుకుని వెళ్ళేది పోటీ కంపెనీ బైక్ మీద. ఇటువైపేమో 2022, 2023 టైటిళ్ళు తెచ్చిపెట్టిన, ఇంట్లోనే ఉండబోయే బన్యాయా. ఇక మార్టిన్ బైక్‌కి ఏదో ఒకటి అవుతుందని మేం ముగ్గురం అనుకున్నాం. మేమే కాదు, నాకు తెలిసిన అభిమానులు చాలామంది అట్లాగే అనుకున్నారు. నవంబర్ దాకా ఏమీ కాలేదు. మార్టిన్ బైక్ చివరి రేసు వరకూ టైటిల్ గెలవగల బైక్‌గానే ఉంది, గెలిచింది కూడా. 2002లో మోటోజీపీ శకం మొదలయ్యాక అనుబంధ జట్టు నుంచి ఛాంపియన్ అయిన మొదటివాడు అతనే.

ఏదో ఒకటి చేయడం ఎంత సులభమో సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా నాకు తెలుసు. 2016 నుంచి అన్ని జట్లూ ఒకే రకం ఈసీయూ, ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలి. కానీ అందులో ఎక్కించే సెట్టింగులు ఎవరివి వాళ్ళవే. ఏ మలుపులో ఎంత పవర్ వదలాలి, ట్రాక్షన్ కంట్రోల్ ఎంత, ఇంజన్ బ్రేకింగ్ ఎంత. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ల్యాప్‌కి సెకనులో పదో వంతు పోతుంది. ఇరవై ల్యాపులకి రెండు సెకన్లు. రెండు సెకన్లంటే ఒక్కోసారి రెండు స్థానాలు. బైక్ కాలిపోదు, విరిగిపోదు. ఎవరికీ కనిపించదు. మార్టిన్ ఓడిపోయాక మనమే అంటాం, ఒత్తిడి తట్టుకోలేకపోయాడు పాపం అని.

డుకాటీలో మునులెవరూ లేరు. 2017లో సెపాంగ్ రేసులో టైటిల్ కోసం పోరాడుతున్న డోవిజియోసో రెండో స్థానంలో ఉంటే, ముందున్న లోరెంజో డాష్‌బోర్డు మీద 'మ్యాపింగ్ 8' సూచన అని మెసేజ్ వెలిగింది. పక్కకి జరగమని దానర్థమని చూసినవాళ్ళందరికీ అర్థమైంది. ఆ కంపెనీకి డాష్‌బోర్డు ఎట్లా వాడాలో బాగా తెలుసు. 2024లో ఊరుకోవడం అమాయకత్వం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయమే.

బంగారం అంగడి వాడు అప్పటిదాకా వక్కపొడి నములుతూ కూర్చున్నాడు. "మా అంగట్లో తక్కెడకి మనోడు, పరాయోడు అని తెలీదురా" అన్నాడు. "పాత గొలుసు తూకం వేయించుకోను వస్తారు. ఆ దుడ్లు తీసుకుని కొత్తది పక్క అంగట్లో కొంటారని తెలుస్తూనే ఉంటుంది. అట్లని ముల్లు జరుపుతామా?"

"రేపు మళ్ళా వస్తారని ఆశతో జరపవు. నీ యాపారం అది" అన్నాడు పులివెందుల వాడు. "డుకాటీ లెక్క కూడా అంతే. ఎవడు గెలిచినా బండి వాళ్ళదే. ఇరవై రేసుల్లో పందొమ్మిది వాళ్ళవే గదా. పోయేదేముంది? ఖర్చు లేని న్యాయం ఎవడైనా చేస్తాడు."

ఇది గట్టి మాట. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అనిపించేది ఏమిటంటే, ఖర్చు ఉంది. 1 నంబర్ ఇంకొకడి ఇంటికి పోవడం ఖర్చే. పైగా ఆ ఖర్చు కంపెనీ ఒక్కటే కట్టలేదు, బన్యాయా కూడా కట్టాడు. అసలు చిక్కు ఇక్కడుంది. ఇంట్లో ఉండేవాడి జేబులోంచి తీసి పోయేవాడికి న్యాయం చేస్తే అది న్యాయమేనా? పులివెందుల వాడి కోపం వెనక ఉన్న ప్రశ్న ఇదే. మా వైపు మనిషి కనబడగానే ముందు అడిగేది ఎవరి తాలూకు అని. తాలూకు తేలాకే అతనికి ఏం బాకీ ఉన్నామో తేలుతుంది. తాలూకు తెగిపోతే బాకీ కూడా తెగిపోవాలి. ఈ లెక్క మొరటుగా కనిపిస్తుంది కానీ, ఆఫీసుల్లో మేం నడిపేదీ ఇదే.

ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి కారణం బైకులు కాదు.

కొన్నేళ్ళ కిందట నేను లీడ్‌గా ఉన్న టీమ్‌లో ఒకబ్బాయి రిజైన్ చేశాడు. మేం కట్టినదాంట్లో కష్టమైన మాడ్యూల్ ఒకటి పూర్తిగా అతనిదే, ఆరు నెలల పని. అతను నోటీస్ పీరియడ్‌లో ఉండగానే పైవాళ్ళకి డెమో ఇవ్వాల్సి వచ్చింది. చివరి స్లైడ్ మీద పనిచేసినవాళ్ళ పేర్లు ఉంటాయి. ముందురోజు రాత్రి అతని పేరు తీసేశాను. నాకు ఎవరూ చెప్పలేదు. అతని మీద నాకు కోపం లేదు. అప్రైజల్స్ దగ్గర్లో ఉన్నాయి, పోయేవాడికి ఈ పేరుతో పనేముంది, ఉన్నవాళ్ళకి ఆ పేరు కాస్త ఉపయోగపడుతుంది కదా అనుకున్నాను. ఉన్నవాళ్ళ మేలు కోసం చేస్తున్నాననే నమ్మాను. ముల్లు జరపడానికి రెండు సెకన్లు పట్టింది.

డెమోలో అతనూ ఉన్నాడు. స్లైడ్ చూశాడు, ఏమీ అనలేదు. చివరి రోజు రాత్రి తొమ్మిది దాకా కూర్చుని హ్యాండోవర్ రాసి వెళ్ళాడు. అతనికి తప్ప ఎవరికీ తెలియని ఒక బగ్ గురించి కూడా అందులో రాశాడు. రాయకపోయి ఉంటే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మేడ మీద ఆ వాదన నడుస్తుంటే నాకు ఆ స్లైడే కళ్ళముందు ఉంది. ఉన్నవాళ్ళ మేలు అనుకున్నానే, మిగిలిన ఆరుగురికీ ఆ మాడ్యూల్ ఎవరిదో తెలుసు. పేరు లేకపోవడం ఆరుగురూ చూశారు. వాళ్ళకి నేను చేసిన మేలేమిటి? రేపు మీరు వెళ్ళేటప్పుడు మీ పేరూ ఇట్లాగే పోతుందని చెప్పాను, అంతే. ఉన్నవాడు కూడా ఏదో ఒకరోజు పోయేవాడే. పోయేవాడి విషయంలో మనం ఏం చేస్తామన్నది ఉన్నవాడికి మనం ఇచ్చే అసలైన మాట. మిగతా రోజుల్లో మన మంచితనంలో అవసరం ఎంత, న్యాయం ఎంత అన్నది మనకే విడదీయడం రాదు. నోటీస్ పీరియడ్‌లో అవసరం తగ్గిపోతుంది, అప్పుడు మిగిలింది ఎంతో కనిపిస్తుంది.

ఇక బన్యాయా జేబు సంగతి. అతనికి ఇవ్వాల్సిన బైక్‌లో కంపెనీ ఏమీ తగ్గించలేదు. ఇద్దరికీ పెట్టింది ఒకటే ఉలవలు. అతను పోగొట్టుకున్నది అతనికి రావాల్సిన వాటా కాదు, ఎదుటివాడిని కొంచెం తగ్గిస్తే దొరికేది. అది అతని బాకీ కాదు. అది కావాలని అతను అడిగినట్టు కూడా నేనెక్కడా చదవలేదు. సెపాంగ్‌లో మొదటి మూడు ల్యాపులు ఇద్దరూ ఒకరినొకరు దాటుకున్న తీరు చూసినవాళ్ళకి తెలుస్తుంది, పడితే ఇద్దరి ఏడాదీ పోయే చోట ఇద్దరూ దాక్కోలేదు. బార్సిలోనాలో బన్యాయా ముందుండి కావాలని నెమ్మదిగా నడిపి, వెనకవాళ్ళని మార్టిన్ మీదికి తోస్తాడేమోనని మేం చూశాం. తోయలేదు. మొదటి నుంచి ముందుండి గెలిచి, దిగాక మార్టిన్‌ని అభినందించాడు. డుకాటీ ఆ అంకె జరిపి ఉంటే మార్టిన్ ఒక్కడే కాదు, బన్యాయా కూడా మోసపోయేవాడు. ఆ టైటిల్ నిజంగా తను గెలిచిందో లేదో అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు.

డుకాటీ ఇదంతా మంచితనంతో చేసిందా, రేపు ఇంకో అనుబంధ జట్టు నమ్మాలని చేసిందా? నాకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా ఉందనుకోను. తూకం సరిగ్గా ఉన్నప్పుడు అంగడివాడి మనసులోకి తొంగిచూడడం మనకి అలవాటు. తూకం తప్పినప్పుడు కూడా మనసే చూపిస్తాం. ఉన్నవాళ్ళ మేలు కోసమే కదా అని నేను చూపించుకున్నట్టు.

ఇది రాస్తూ మొన్న పులివెందులకి ఫోన్ చేశాను. పోయిన ఎండాకాలం వాళ్ళ నాన్న జతలో ఒక ఎద్దుని అమ్మాడు.

"కొన్నోళ్ళు తోలకపోయిన రోజు పొద్దున దానికి ఉలవలు పెట్టినారా?"

"పెట్టకుంటే ఎట్లబ్బా? దూరం పోవాల గదా అది." కాసేపాగి, "ఎందుకు అడుగుతాండావో తెలుసులే. అయినా డుకాటీ వాళ్ళు ఎర్రోళ్ళే" అన్నాడు.

ఆ స్లైడ్ ఇంకా షేర్డ్ డ్రైవ్‌లో ఉంది. పోయిన వారం తెరిచి అతని పేరు చేర్చాను, అక్షరాల వరుసలో రెండోది. ఆ ఫైల్ ఇక ఎవరూ తెరవరు. అతనికి మెయిల్ కూడా రాయాలి. అది ఇంకా రాయలేదు.