ఇల్లు కదిలితే ఊరేమవుతుంది?

అరిజోనా ఎడారిలో క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది దాదాపు 2,400 మంది. చలికాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఎడారంతా చక్రాల ఇళ్లతో, అంటే ఆర్వీలతో, నిండిపోతుంది. అద్దెకు తీసుకున్న ఆర్వీలో నేనూ, మా ఆవిడా అక్కడ పది రోజులున్నాం. పగలు ఎవరి ల్యాప్‌టాప్ ముందు వాళ్లం. కప్పు మీది స్టార్‌లింక్ పళ్లెం ఆకాశం నుంచి ఇంటర్నెట్ దించేది. మీటింగుల్లో ఎవరికీ తేడా తెలియలేదు, పని ఎక్కడా ఆగలేదు. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక మా డాలస్ ఇంట్లో నాలుగు గదుల్లో మూడు తలుపులు మూసే ఉంటున్నాయి. నాలుగో రోజు సాయంత్రం కొండలు ఎర్రబడుతుంటే మా ఆవిడ అడిగింది: "ఆ ఇల్లు అమ్మేసి ఇలాగే ఉండిపోతే ఏం?"

ఏం? ఈ చిన్న మాటకి జవాబు చెప్పలేక నెల రోజులుగా తిరుగుతున్నాను.

ఆ బండి నాకు చాలా నేర్పింది. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. మూడో రోజుకే ముల్లు సగానికి దిగింది. అప్పటినుంచి బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి మా ఆవిడకి చెయ్యి రాలేదు. ఆ కడుగుతోనే గిన్నెలు తొలిచింది. మా అమ్మమ్మ కడుగుని కుడితి గోలెంలో పోసేది, అది గేదెకి దక్కేది. నలభై ఏళ్లుగా నేను మరిచిపోయిన మాట "కడుగు" ఎడారిలో మళ్లీ నోటికొచ్చింది.

ఏడో రోజు బండిని డంప్ స్టేషన్‌కి తోలుకెళ్లాను. తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టం బిగించి, ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదలాలి, తర్వాత స్నానాలూ వంటిల్లూ వాడిన నీళ్ల ట్యాంకు. రెండో నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. నా మురికి ఎక్కడికి పోతుందో నా కళ్లతో చూడటం అదే మొదటిసారి. చిన్నప్పుడు ఈ పనంతా ఊరు ఒక కులం నెత్తిన పెట్టింది, అమెరికా వచ్చాక గొట్టాలు దాచేశాయి. మన అవసరాలెన్నో, మన వ్యర్థం ఎంతో మనిషికి తెలియాలంటే ఇల్లు ఇరుకైతేనే మంచిదేమో. ఇంతవరకూ మా ఆవిడ వైపే మొగ్గాను.

అయితే ఈ స్వేచ్ఛ ఎవరిది? హెచ్-1బి వీసా మీద వచ్చిన రోజుల్లో ఈ ఆలోచన తలపుకైనా వచ్చేది కాదు. ఆ వీసా మనిషిని పనిచేసే చోటుతో ముడివేస్తుంది. ఆ చోటు మరో మహానగర ప్రాంతానికి మారితే కంపెనీ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పౌరసత్వం చేతికొచ్చాకే మాకీ దారి తెరుచుకుంది. అంటే, తిరిగే హక్కు కూడా ముందు ఒకచోట కుదురుకున్నవాడికే దక్కుతోంది. అదే ఎడారిలో, అలాంటి బండ్లలోనే, ఇల్లు నిలుపుకోలేక వచ్చినవాళ్లూ ఉంటారు. 2008 మాంద్యం తర్వాత గోదాముల్లో, షుగర్ బీట్ పొలాల్లో కూలి వెతుక్కుంటూ తిరిగిన పెద్దవయసువాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' రాసింది. వాళ్లూ మేమూ పక్కపక్కనే బండ్లు ఆపుకోవచ్చు. నాకది ఎంపిక, వాళ్లకి గత్యంతరం లేకపోవడం. ఆ తేడా మరిచిపోయి వాళ్ల బతుకుని నేను సాహసమని పిలవొచ్చా?

మా ఊరు బాపట్ల దగ్గర. పక్కనే స్టువర్టుపురం. ఉప్పూ, ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్న ఎరుకలవాళ్లని తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద తెచ్చి అక్కడ కట్టిపడేసింది. 1871లో మొదలైన ఆ చట్టం 1952లో పోయింది కానీ ముద్ర వెంటనే పోలేదు. వాళ్లు తిరగడం నేరమైంది. నేను తిరిగితే నలుగురూ ముచ్చటపడతారు. తేడా తిరగడంలో లేదు, జేబులో ఉంది.

ఇక చిరునామా సంగతి. పూర్తికాలం ఆర్వీలో ఉండేవాళ్లు దక్షిణ డకోటాలోనో, టెక్సస్‌లోనో, ఫ్లోరిడాలోనో ఒక ఉత్తరాల సంస్థ చిరునామా తీసుకుంటారు. దక్షిణ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదుతో డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నవాళ్లున్నారు. ఓటుకి మాత్రం 30 రోజులు అక్కడ ఉండాలని 2023లో చట్టం చేశారు. మొదట ఆ చట్టం మీద నాకు కోపమొచ్చింది. తర్వాత నన్ను నేనే అడిగాను: ఏ బడికి ఎంత ఖర్చు పెట్టాలో, ఏ చెరువు ఎండిపోకూడదో తేల్చే ఓటు, అక్కడ ఒక్క రాత్రి పడుకున్నవాడికి ఎందుకుండాలి? కానీ ఎక్కడా ఓటు లేనివాడి గోడు వినేదెవరు? రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఇప్పటికీ రెంటికీ మధ్యనే ఉన్నాను.

బండి ఆపే చోటుకీ గడువుంది. ప్రభుత్వ భూముల్లో మామూలుగా 28 రోజుల్లో 14 రోజులకి మించి ఒకచోట ఉండనివ్వరు. మన పరివ్రాజకులకీ ఇలాంటి నియమమే, ఏ ఊళ్లోనూ పాతుకుపోకూడదని. వానాకాలం మాత్రం చాతుర్మాస్యమని ఒకచోట ఆగాలి. బౌద్ధ భిక్షువులకీ వర్షావాసం ఉంది. ఆగినచోట అన్నం పెట్టినవాళ్లకి నాలుగు మంచి మాటలు చెప్పడం వాళ్ల వంతు. పదిహేనో రోజు బండి కదిలించే నేను ఆ చోటుకి ఏమిచ్చి కదులుతాను? నేను తాగే నీళ్లు, నడిచే రోడ్డు, నా ఉత్తరాలు దాచిపెట్టే మనిషి, ఇవన్నీ ఎక్కడికీ కదలని వాళ్ల దయ. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఆర్వీవాళ్ల సంఘమే, ఇక బండి నడపలేని తమ పెద్దవాళ్ల కోసం ఒక ఆశ్రయం కట్టుకుంది. తిరిగేవాళ్లే చివరికి ఊరొకటి కట్టుకోవాల్సి వచ్చింది.

క్వార్ట్జ్‌సైట్ శ్మశానంలో ఒక రాతి పిరమిడ్ ఉంది, కొసన ఒంటె బొమ్మ. 1856లో అమెరికా సైన్యం తెప్పించిన ఒంటెలతో పాటు ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన హాజీ అలీ సమాధి అది. పేరు నోరు తిరగక ఇక్కడివాళ్లు హై జాలీ అన్నారు. ఏళ్ల తరబడి ఎడారిలో తిరిగి 1902లో పోయాడు. ఆయన్ని గుర్తుపెట్టుకుంది తోడు తిరిగినవాళ్లు కాదు, ఊళ్లో ఉండిపోయినవాళ్లు.

డాలస్ చేరేసరికి రాత్రయింది. చెత్తడబ్బా లోపలికి లాగి ఉంది. ఉత్తరాలు వంటింటి బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఎదురింటి మెక్సికో పెద్దాయన దగ్గర మా తాళంచెవి ఒకటి పదకొండేళ్లుగా ఉంటోంది. ఆయనది మా దగ్గరుంది. ఆయనకి మోకాళ్ల ఆపరేషన్ అయిన నెలంతా పొద్దున్నే ఆ తాళం తీసి, మా ఆవిడ కాఫీ పెట్టి వచ్చేది.

ఇల్లు అమ్మితే మా తాళంచెవి వెనక్కి తీసుకోవడం తేలికే. ఆయన తాళంచెవి ఎవరి చేతిలో పెట్టి వెళ్లాలి? మా ఆవిడని ఆ రాత్రే అడిగాను. ఆమె ఆలోచిస్తోంది. నేనూ ఆలోచిస్తున్నాను.